రెండో భాగంలో వస్తాడు

ఏర్పేడు సంత దగ్గర గోడ మీద కొత్త వాల్‌పోస్టరు చూడగానే వరదయ్యకు వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోదామనిపించింది. బంక ఇంకా ఆరలేదు. నీలం ముసుగు వేసుకున్న దొర ఒకడు చేతులు చాచి మబ్బుల్లోంచి కిందికి దూకుతున్నాడు. అతని కాళ్ళ కింద ఎర్రటి అక్షరాలు: "గాలిదొర మళ్ళీ వచ్చాడు! రెండవ భాగం! మొదటి భాగం కన్నా రెండింతలు ఫైటింగులు!" ఇంకా కిందికి చూస్తే సన్నటి అక్షరాలతో, "తెలుగులో కథ చెప్పువారు: చిత్తూరు వరదయ్య."

తన పేరు గోడ మీద చూసుకుని మురిసిపోయే వయసు వరదయ్యకు ఎప్పుడో దాటిపోయింది. అయినా పేరు పేరే కదా, ఏ ఊళ్ళోనైనా ఒకసారి ఆగి చదువుకునేవాడు. ఈసారి మాత్రం ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, తల దించుకుని టెంటు వైపు నడిచాడు.

ఆయన చేసే పని ఇప్పటివాళ్ళకు చెబితే నమ్మరు. చెంగల్రాయుడి టూరింగ్ టాకీసులో ఇంగ్లీషు సినిమా ఆడినప్పుడు, తెర పక్కన స్టూలు వేసుకుని, మైకు పట్టుకుని, దొరలూ దొరసానులూ మాట్లాడుకునేదంతా తెలుగులో చెప్పడం ఆయన పని. ఎండాకాలంలో మంచి తెలుగు బొమ్మలు టెంటుల దాకా వచ్చేవి కావు. అప్పుడు రాయుడు మద్రాసు నుంచి ఇంగ్లీషు బొమ్మల పెట్టెలు తెప్పించేవాడు. వాటికి ఒక మనిషి గొంతు కావాలి. వరదయ్యది చిత్తూరు బెల్లం మండీలో పదేళ్ళు వేలం పాడిన గొంతు, మైకు లేకపోయినా చివరి వరస దాకా వినపడుతుంది. ఇంగ్లీషు మాత్రం, ఉన్నమాట చెప్పుకోవాలంటే, ఎస్సెల్సీ తప్పినవాడి ఇంగ్లీషే. అందుకని ముందుగా తిరుపతి వెళ్ళి, పెద్ద థియేటర్లో ఆ సినిమా రెండు మూడుసార్లు చూసి, అర్థమైనంత అర్థం చేసుకుని, కానిచోట సొంతంగా అల్లుకుని వచ్చేవాడు. చిత్రమేమిటంటే, జనం చప్పట్లు కొట్టేది సరిగ్గా ఆయన అల్లిన చోటే.

గాలిదొర అన్న పేరు కూడా ఆయన పెట్టిందే. అసలు పేరు ఆయనకే నోరు తిరగలేదు. గాలిలో ఎగురుతాడు కాబట్టి గాలిదొర. మరి ఆ ముసుగేమిటని జనం అడుగుతారని ముందే ఊహించి, "మన గంగజాతర్లో వేషం కట్టరా? వేషం కట్టినంతసేపూ వాడు మన ఎదురింటోడు కాదు గదా! ఇదీ అంతే. ముసుగుంటే దొర, తీస్తే గడియారాలు రిపేరు జేసుకునే మామూలు మనిషి" అని మైకులో చెప్పేశాడు. గంగజాతర పేరెత్తాక ఇంకెవరికి అనుమానముంటుంది? మొదటి భాగం ఏర్పేడులో పద్దెనిమిది రోజులాడింది.

ఆ పద్దెనిమిది రోజుల్లో మొట్టమొదటి రోజే వరదయ్య నోరు జారాడు.

ఆ సినిమా చివర్లో ఒక డ్యాం తెగుతుంది. ఒక పక్క వంతెన మీద జనంతో కిక్కిరిసిన రైలు, ఇంకో పక్క గట్టు మీద ఏడెనిమిదేళ్ళ పిల్లాడు. గాలిదొర ఎంత గాలిదొరైనా ఉన్నవి రెండు చేతులే. రైలును ఆపాడు. పిల్లాణ్ణి నీళ్ళు తీసుకుపోయాయి. ఆఖరి బొమ్మలో దొర ముసుగు తీసి చేత్తో పట్టుకుని, వానలో నిలబడి నీళ్ళకేసి చూస్తూ ఉంటాడు. అంతటితో లైట్లు వేసేస్తారు.

తిరుపతిలో చూసినప్పుడు ఆ ముగింపు వరదయ్యకు ఎంతగానో నచ్చింది. ఏర్పేడులో దాన్ని ఆడిస్తే ఏమవుతుందో మాత్రం ఆయనకు తట్టలేదు. అంతకు నాలుగు నెలల ముందు స్వర్ణముఖి పొంగింది. ఏటి అవతలి పల్లెలో వెంకటముని అనే కూలిరైతు కొడుకు, ఏడేళ్ళ చిన్నబ్బ, మేకపిల్లను తోలుకొస్తూ ఆ నీళ్ళలో పోయాడు. మేకపిల్ల దొరికింది. వాడు దొరకలేదు.

ఆ పిల్లాడి తల్లి మునిరత్నమ్మను, కాస్త మనసు మళ్ళుతుందని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు బలవంతాన టెంటుకు తీసుకొచ్చారు. తెర మీద నీళ్ళు పిల్లాణ్ణి లాక్కుపోగానే ఆమె లేచి నిలబడి "చిన్నబ్బా!" అని ఒక్క అరుపు అరిచింది. ఆ అరుపు ముందు వరదయ్య చేతిలోని మైకు ఎందుకూ పనికిరాలేదు. పక్కనున్న ఆడవాళ్ళు ఏడుపు అందుకున్నారు. మగవాళ్ళు లేచి ఆడవాళ్ళ వైపు వచ్చారు. తెర మీద దొర ఏమీ పట్టనట్టు వానలో నిలబడి ఉన్నాడు. వరదయ్య స్టూలు మీంచి లేచాడు. మైకు నోటికి ఆనించుకుని, ఏం చెబుతున్నాడో తనకే తెలియకుండా చెప్పేశాడు.

"ఏడవబాకమ్మా! ఆ బిడ్డ సావలేదు! నీళ్ళు తీసకపొయ్యి యాడో ఒక ఊర్లో గట్టుకేసినాయి. రెండో భాగంలో వస్తాడు! గాలిదొరే చెయ్యి పట్టి తోడుకోని వస్తాడు! ఇది వరదయ్య మాట!"

రెండో భాగం అనేదొకటి తీస్తారో తియ్యరో కూడా అప్పటికి ఆయనకు తెలియదు. ఏడుపు ఆగితే చాలుననుకున్నాడు. ఆగింది కూడా. మునిరత్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "వస్తాడా అన్నా?" అని అడిగింది. "వస్తాడమ్మా" అన్నాడు, అదీ మైకులోనే, రెండు వందల మంది వింటుండగా.

ఆమెను పిచ్చిదనుకోకండి. తెర మీద కొట్టుకుపోయినవాడు తన కొడుకు కాదని ఆమెకు తెలుసు. నాట్లకు వెళితే పదిమందికి పని చెప్పి చేయించగల మనిషి. కానీ ఆ బిడ్డ వస్తే తన బిడ్డా వస్తాడని ఆ రోజు మనసులో ఒక ముడి వేసుకుంది. కొందరు సోది అడుగుతారు, కొందరు దేవుడి ముందు పూలు పెట్టి ఏది రాలుతుందో చూస్తారు. ఆమెకు సినిమా రెండో భాగం దొరికింది.

శవం దొరకనివాళ్ళకు ఆ పల్లెలో ఒక పద్ధతుంది. వాళ్ళ బట్టలు ఏటి ఇసుకలో పూడ్చి, పాలు పోసి, దినాలు చేస్తారు. చెయ్యకపోతే పోయినవాడు దారి తెలీక తిరుగుతుంటాడని వాళ్ళ నమ్మకం. చిన్నబ్బ చొక్కాను మునిరత్నమ్మ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. "రెండో భాగం రానీండి" అనేది. మామ చెప్పాడు, పురోహితుడు చెప్పాడు, పుట్టింటివాళ్ళు వచ్చి చెప్పారు. అందరికీ అదే జవాబు. మూడేళ్ళుగా పొద్దునా సాయంత్రం ఒక గిన్నెలో వాడి వంతు సంగటి తీసిపెడుతూనే ఉంది. టెంటు ఏర్పేడుకు వచ్చిన ప్రతి ఎండాకాలం వరదయ్యను వెతుక్కుంటూ వచ్చి, "తీస్తా ఉండారా అన్నా?" అని అడిగి పోయేది. "తీస్తా ఉండారంటమ్మా, అమెరికాలో గదా, టైం పడతాది" అనేవాడు ఆయన. తీయకుండా ఉంటే బాగుండునని లోలోపల వెయ్యి దేవుళ్ళకు మొక్కుకునేవాడు.

తీశారు.

తిరుపతిలో అది ఆడుతుందని తెలిసి, ఆపరేటర్ జయరావును వెంటబెట్టుకుని వెళ్ళాడు వరదయ్య. జయరావు ఆదివారం చర్చి తప్పని మనిషి, మిగతా ఆరు రోజులూ ప్రొజెక్టరే లోకం. వరసగా మూడు ఆటలు చూశారు. చూసి బస్టాండు పక్క హోటల్లో కూచున్నారు. ఇడ్లీలు చల్లారిపోతున్నా వరదయ్య చెయ్యి పెట్టలేదు.

"బొమ్మ బాగుండాదిలే అన్నా," అన్నాడు జయరావు, నమలుతూ. "మొదటి దాంట్లో దొర ఎగిరేటప్పుడు వీపు మీద తీగ తెలిసిపొయ్యేది. దీంట్లో కండ్లు పెద్దవి జేసుకోని సూసినా యాడా కనపళ్ళా. రంగులు సూడు, ఎట్ల మెరస్తా ఉండాయో! ఆ మేడ కూలేది ఒక్కటి చాలు, పది రోజులు ఆడతాది."

"ఊఁ."

"కానీ ఒకటి. అప్పుడు ఒక్క దుర్మార్గుడు ఉండె, వాడు తెర మీదికొస్తే కడుపులో తిప్పేది. ఇప్పుడు ముగ్గురుండారు. ముగ్గుర్ని సూసినా దడ పుట్టలే. దొర ప్రేమించే పాప కూడా మారిపొయ్యింది, కొత్తామె. పాతామె ఏమైందో ఒక్క మాట సెప్పరు. ఇంకోటి సూసినావా, మొదటి దాంట్లో దొరకు బయమేసేది. దీంట్లో తనకేమీ కాదని ఆయనకే తెలిసిపొయ్యింది. నవ్వతా కొడతాడు, కొడతా నవ్వతాడు. ఆయనే బయపడకపోతే మనమెందుకు బయపడాల?"

జయరావు చదివింది ఐదో తరగతే గానీ, సినిమా బాగోగులు అంత చక్కగా చెప్పేవాడు ఆ జిల్లాలో ఇంకొకడుండడు. అయితే వరదయ్యకు అవేవీ చెవికెక్కలేదు.

"ఆ బిడ్డ యాడ జయరావూ?" అన్నాడు.

జయరావు తలెత్తి ఆయనకేసి చూశాడు.

"మూడుసార్లు సూసినాను. మూడోసారి ఫైటింగులు సూళ్ళేదు, కత సూళ్ళేదు, ఆ బిడ్డ కోసరమే సూసినాను. లేడు. గోడ మీద పటమన్నా లేదు. ఆ తెగిన డ్యాం మళ్ళా కట్టినారు, దాని మీద దొర రిబ్బను కత్తిరించినాడు, బ్యాండు వాయించినారు. ఆడనే ఒక బిడ్డ పొయ్యినాడే అని ఒక్కడన్నా అనుకున్నాడా? అంత దుడ్డు పోసి తీసినోళ్ళు, ఒక బిడ్డను మరిసిపోతారా అబ్బా?"

వరదయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్క బల్ల మీద ఎవరో సాంబారు పోయమని కేకలేస్తున్నారు. జయరావు ఇడ్లీ ప్లేటు ఆయన దగ్గరికి జరిపాడు.

వరదయ్య చెంగల్రాయుడి దగ్గరికి వెళ్ళి బతిమాలుకున్నాడు. "రాయుడన్నా, ఈ బొమ్మ ఏర్పేడులో వద్దన్నా. నాయుడుపేటలో ఆడించు, కాణిపాకంలో ఆడించు, యాడన్నా సెప్తాను. ఈడ మాత్రం వద్దు." రాయుడు పడక్కుర్చీలోంచి లేవకుండానే నవ్వాడు. "ఏం మాట్లాడతావప్పా! మూడేండ్లుగా ఈ బొమ్మ ఎప్పుడొస్తాదని అడగతా ఉండేది ఏర్పేడోళ్ళే. కత నీది, నోరు నీది. ఆ బిడ్డను తెప్పిస్తావో సంపుతావో నీ ఇష్టం. టెంటు నిండాల, అంతే." అప్పటికే రాయుడు కరపత్రాలు అచ్చేయించి ఊరంతా పంచిపెట్టేశాడు కూడా. వాటి మీద "నీళ్ళలో పోయిన బిడ్డ తిరిగి వచ్చునా? వెండితెరపై చూడుడు!" అని ఉంది. అది చూసిన వరదయ్యకు ఒళ్ళు మండిపోయింది. మండి ఏం లాభం? ఆ మాట పుట్టింది తన నోట్లోనే.

ఆట మొదలయ్యే రోజు పొద్దున్నే వెంకటముని టెంటు దగ్గరికి వచ్చాడు. మనిషి మూడేళ్ళలో పదేళ్ళు పైబడినట్టున్నాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"అప్పా, నీ మింద నాకు కోపం లేదు. ఆ పొద్దు దాని ఏడుపు ఆపేదానికి సెప్పినావు. సరే. ఈ పొద్దు ఒక్క మాట సెప్పు సామీ. బిడ్డ పొయ్యినాడని సెప్పు. రాడని సెప్పు. నేను సెప్తే ఇనదు, అయ్యోరు సెప్తే ఇనదు. నువ్వు మైకులో సెప్తే ఇంటాది. వాడి గుడ్డలు పూడ్చుకోని, వాడికి నాలుగు మెతుకులు పెట్టుకుంటాము."

"సెప్తానప్పా," అన్నాడు వరదయ్య. అన్నాక, ఎట్లా చెప్పాలో ఆలోచిస్తూ కూచున్నాడు. డ్యాం మీద రిబ్బను కత్తిరించే చోట చెప్పాలనుకున్నాడు. "ఈ నీళ్ళలో పోయిన బిడ్డ ఇంక రాడు, ఆ బిడ్డ పేరుతోనే ఈ డ్యాం కట్టినారు" అని మాటలు పేర్చుకున్నాడు. పదిసార్లు మనసులో అనుకున్నాడు. అందంగానే కుదిరింది.

సాయంత్రం గేటు తియ్యకముందే మునిరత్నమ్మ వచ్చి కూచుంది. తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఆడవాళ్ళ వైపు అన్నిటికన్నా ముందు, ఇసుక మీద బాసింపట్లు వేసుకుని కూచుంది. వరదయ్యను చూసి నవ్వింది. ఆ నవ్వు చూశాక వరదయ్యకు పొద్దున పేర్చుకున్న మాటల్లో మొదటిదేదో గుర్తు రాలేదు.

ఆట మొదలైంది. ఫైటింగులు వచ్చాయి, మేడ కూలింది, జనం ఈలలు వేశారు. డ్యాం వచ్చింది. రిబ్బను వచ్చింది. వరదయ్య మైకు దగ్గరికి తీసుకుని నోరు తెరిచి, "ఈ నీళ్ళలో..." అన్నాడు. ఆమె మోకాళ్ళ మీద లేచి ముందుకు వంగింది. "ఈ నీళ్ళలో... ఇప్పుడు కరెంటు తీస్తా ఉండారు" అని ముగించాడు. మగవాళ్ళ వైపునుంచి వెంకటముని తననే చూస్తున్నాడని తెలుసు. అటు తిరగలేదు.

చిట్టచివర దొర గెలిచి వచ్చినందుకు ఊరేగింపు. వీధి నిండా జనం, పైనుంచి రంగు కాగితాలు రాలుతుంటాయి. ఆ గుంపులో ఎవడో మనిషి భుజాల మీద ఎర్రటోపీ పెట్టుకున్న పిల్లాడొకడు చిన్న జెండా ఊపుతూ నవ్వుతాడు. రెప్ప మూసి తెరిచేంతసేపు. మూడుసార్లు చూసిన వరదయ్య కూడా వాణ్ణి ఎప్పుడూ పట్టించుకోలేదు.

"అద్దో! అద్దో అన్నా! ఎర్రటోపీ!" మునిరత్నమ్మ లేచి నిలబడి తెరకేసి చెయ్యి చాపింది. "ఆ బిడ్డే గదన్నా? సెప్పన్నా, ఆ బిడ్డేనా?"

టెంటు మొత్తం వరదయ్య వైపు తిరిగింది. కథ తెలియనివాళ్ళెవరూ లేరక్కడ. వెంకటముని తల అడ్డంగా ఊపుతున్నాడు, వద్దు వద్దని. తెర మీద కాగితాలు రాలుతున్నాయి. వరదయ్య గొంతు, పదేళ్ళు మండీలో వేలం పాడిన గొంతు, కీచుగా వచ్చింది.

"ఆ బిడ్డేనమ్మా."

చప్పట్లతో టెంటు అదిరిపోయింది. ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళు మునిరత్నమ్మను కావలించుకుని ఏడ్చారు. రాయుడు పరుగెత్తుకొచ్చి వరదయ్య వీపు చరిచి, "మొగోడివప్పా!" అన్నాడు. వెంకటముని తలగుడ్డ చుట్టుకుని బయటికి నడిచాడు.

మునిరత్నమ్మ ఆ మరునాడూ వచ్చింది. ఆ మరునాడూ. ఎనిమిది రోజులు వరసగా వచ్చింది. ఫైటింగులు జరుగుతుంటే పక్కవాళ్ళతో మాట్లాడుతూ కూచునేది. ఊరేగింపు రాగానే లేచి నిలబడేది. ఎర్రటోపీ కనిపించగానే రెండు చేతులూ జోడించి, మళ్ళీ కూచునేది. జనానికి ఇదొక వింతైపోయింది. దొరను చూడ్డానికి వచ్చినవాళ్ళు కొందరైతే, ఈ తల్లిని చూడ్డానికి వచ్చినవాళ్ళు అంతకు రెండింతలు. ఊరేగింపు వచ్చే సమయానికి టెంటంతా ఊపిరి బిగబట్టేది. అన్ని ఫైటింగులు పెట్టి తీసిన ఆ రెండో భాగంలో, తీసినవాళ్ళకే తెలియని ఆ ఒక్క క్షణం కోసం ఏర్పేడు కాచుకుని కూచునేది. వరదయ్య మాత్రం ఆ సమయానికి కళ్ళు మూసుకునేవాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం వెంకటముని మళ్ళీ వచ్చాడు. కాళ్ళు వాచి ఉన్నాయి, చెప్పు ఒకటి తెగి దారంతో కట్టి ఉంది.

"నాయుడుపేట దాకా నడిసిపొయ్యొచ్చినానప్పా," అన్నాడు, ఇసుకలో కూలబడి. "ఏటెంబడే. అది పొమ్మనింది. గట్టున ఏ ఊరుంటే ఆ ఊర్లో అడగమనింది. ఎర్రటోపీ పెట్టుకున్న బిడ్డను సూసినారా అని అడిగినాను. నవ్వినోళ్ళు నవ్వినారు, తిట్టినోళ్ళు తిట్టినారు. తిరిగొచ్చినాక ఏమంటాదో తెలుసునా? సముద్రం దాకా పొయ్యిరా అంటాది." చెప్పుకు కట్టిన దారం బిగించుకున్నాడు. "నీ నోటితో సెప్పలేవు. తెలిసిపొయ్యింది నాకు. తప్పు బట్టను. ఆ ఎర్రటోపీ బిడ్డ బొమ్మనన్నా తీసెయ్యండప్పా. వాడు కనపడకపోతే అదే ఊరుకుంటాది."

వరదయ్య లేచి, అతని చెయ్యి పట్టుకుని కూజాలో నీళ్ళు ఇచ్చి, నేరుగా జయరావు దగ్గరికి వెళ్ళాడు.

"రీలు తెగితే అతికించేది నా పని," అన్నాడు జయరావు. "బాగుండేదాన్ని కోసేది నేనెప్పుడూ సెయ్యలేదన్నా." అంటూనే ఆ రీలు తీసి వెలుతురుకు పెట్టి వెతికాడు. దొరికాక బ్లేడు పెట్టే ముందు కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కున్నాడు. రెండు చోట్ల కోసి, మిగిలిన కొసలకు బంక రాసి అతికించాడు. కోసిన తునక రెండు మూరలుంది. వరదయ్య దాన్ని చుట్టచుట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. పారెయ్యడానికి చేతులు రాలేదు.

ఆ సాయంత్రం ఊరేగింపు వచ్చింది. మునిరత్నమ్మ లేచి నిలబడింది. దొర చెయ్యి ఊపాడు, బొమ్మ ఒక్క ఎగురు ఎగిరి రంగు కాగితాల దగ్గరికి వచ్చింది, ఊరేగింపు వెళ్ళిపోయింది. చిన్న తునక తెగినా ఈలలేసి ఆపరేటర్ను అమ్మనాబూతులు తిట్టే జనం ఆ రోజు నోరెత్తలేదు. ఆమె నిలబడే ఉంది. సినిమా అయిపోయింది, లైట్లు వేశారు, నిలబడే ఉంది. జనం ఆమెను తాకకుండా పక్కనుంచి జరిగి వెళ్ళిపోయారు.

వరదయ్య స్టూలు మీంచి లేవలేదు. ఆమే నడిచి వచ్చింది.

"నిన్నటి దాకా వచ్చినాడన్నా."

ఆయన మైకు తీగ చుట్టడం మొదలుపెట్టాడు.

"ఈ పొద్దు రాలేదు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పొయ్యినాడన్నా. నీళ్ళల్లోనే పొయ్యినాడు. నాకు ఆ పొద్దే తెలుసు."

వెళ్ళిపోయింది. వరదయ్య జేబులో ఉన్న తునక గుండెకు ఒత్తుకుంటోంది. మొదటి భాగంలో బిడ్డ చచ్చిపోతే బతికించింది తనే, రెండో భాగంలో ఏ కథలోనూ లేని బిడ్డను చంపింది తనే. ఇది గెలుపో ఓటమో, పుణ్యమో పాపమో చెప్పేవాళ్ళెవరూ టెంటులో లేరు. జయరావు రీళ్ళు చుట్టి పెట్టెలో సర్దుకుంటున్నాడు. పెట్టె అద్దె గడువు తీరి, ఆ ఆటతో ఏర్పేడులో గాలిదొర అయిపోయాడు. మరునాడు పొద్దుటి బండికి పెట్టె మద్రాసు వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి రోజు వెంకటముని కబురు పెట్టాడు, పాలు పోస్తున్నాము, నువ్వుండాలప్పా అని. వెళ్ళకుండా ఉంటే బాగుండుననిపించింది వరదయ్యకు. వెళ్ళాడు. ఏరు ఎండి ఇసుక మెరుస్తోంది. మోకాటి లోతు గుంట తవ్వి, అందులో చిన్నబ్బ చొక్కా, నిక్కరు, పలక పెట్టారు. ఇటువంటి చోటికి ఆడవాళ్ళు రాకూడదన్నారు పెద్దలు. మునిరత్నమ్మ వినలేదు. చిన్న చెంబులో పాలు పట్టుకుని గుంట పక్కనే కూచుంది. ఏడవలేదు. చొక్కా ముడత పడితే వంగి సరిచేసింది.

అందరూ తలా పిడికెడు ఇసుక వేస్తున్నారు. వరదయ్య వంతు వచ్చింది. ఆ తునకను ఎక్కడ పారెయ్యాలో మూడు రోజులుగా తెలియలేదు, ఇదొక్కటే దానికి తగిన చోటనిపించింది. పిడికిట్లో ఇసుకతో పాటు దాన్నీ పెట్టుకుని, వంగి వదిలేశాడు. ఎవరూ చూడరనుకున్నాడు. ఫిలిం కాబట్టి, ఇసుకలో కూరుకోకుండా చుట్ట విచ్చుకుని, తళుక్కున మెరిసింది.

మునిరత్నమ్మ దాన్ని తీసింది. దులిపి, రెండు చేతులతో చాపి, ఎండకు అడ్డంగా పట్టుకుని చూసింది. ఒక్కొక్క బొమ్మా చూసింది. ఎర్రటోపీ, జెండా, నవ్వు. వెంకటముని చేతిలో పార అట్లాగే ఆగిపోయింది. ఇంకో మూడేళ్ళు సంగటి గిన్నె ఆ ఇంట్లో అట్లాగే ఉంటుందేమో, అంతా మళ్ళీ మొదటికి వచ్చిందేమోనని వరదయ్య భయపడ్డాడు.

"నువ్వు కోసినావా అన్నా?"

"అవునమ్మా." అబద్ధం చెప్పడానికి ఈసారి మైకు లేదు.

ఆమె భర్త వైపు చూసింది. అతని తెగిన చెప్పు వైపు చూసింది. చెంబెత్తి గుంటలో పాలు పోసింది, చుక్క మిగల్చకుండా. తర్వాత ఆ ఫిలింను కొంగుతో తుడిచి, మొదట ఎట్లా ఉందో అట్లా జాగ్రత్తగా చుట్టి, వరదయ్య చేతిలో పెట్టింది.

"దీన్ని ఈడ పూడ్సబాకన్నా. ఈ బిడ్డకీ యాడో ఒక తల్లి ఉంటాది. తన బిడ్డ సినిమాలో కనపడతాడని సూసేదానికి వస్తాది. లేకపోతే ఎతుక్కుంటాది గదా. పెట్టెలో మళ్ళా పెట్టెయ్."

పెట్టె నిన్న పొద్దుటి బండికే వెళ్ళిపోయింది.

"పెడతానమ్మా," అన్నాడు వరదయ్య.